కప్పుకేసి చూసే మనిషి

పోయిన వారం ఆఫీసుకి సిరా, కాగితాలు కొనడానికి అనకాపల్లి వెళ్ళాను. బెల్లం మార్కెట్టు వీధిలో నడుస్తుంటే తుమ్మపాల బండివాడొకడు ఎద్దులకు నీళ్ళు పెడుతూ నన్ను గుర్తుపట్టాడు. ఒకప్పుడు మా పంచాయితీ బోర్డుకి కంకర తోలినవాడు. పిల్లలెంతమంది, వానలెలా ఉన్నాయి అని రెండు మాటలయ్యాక, మరిచిపోయినదేదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"మీ మేస్త్రి పోయేడు గదా బాబూ. మీకు తెల్దేటి?"

"ఏ మేస్త్రి?" అన్నాను.

ఏ మేస్త్రో నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆ మాట వినడం ఒక్క క్షణమైనా వెనక్కి జరుగుతుందని అడిగాను.

"అదే, కప్పుల మేస్త్రి. నక్కపల్లిలో కూతురింటికాడ పోయేడు. జొరం. మంచమ్మీద పడుండి గూడా కప్పుకేసి సూత్తా, 'ఆ మూల పల్సబడింది, వానల్లోపు కమ్మెట్టండి' అన్నాడంట. ఆ మర్నాడే పోయేడు."

బండివాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మనిషి గురించి ఎవరు ఏం చెప్పినా చివరికి నవ్వే వస్తుంది. తరవాత కాసేపు ఎటు నడిచానో నాకు గుర్తు లేదు. సిరా కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆయన మనిషి ముఖం చూసి మాట్లాడేవాడు కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు చూరు కింద ఆగేవాడు. చెయ్యెత్తి తాటికమ్మ కొసని రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, అప్పుడు లోపలికి వంగేవాడు. పెళ్ళింటికి వెళ్ళినా అంతే, చావింటికి వెళ్ళినా అంతే. మా నాన్నగారు పోయినప్పుడు పలకరించడానికి వచ్చాడు. ఇంటినిండా ఏడుపులు. ఆయన నా పక్కన కూచుని, కప్పుకేసి చూస్తూ, "ఈశాన్నెం మూల కారతాది బావా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండో రోజున వాన పడింది. ఈశాన్యం మూల కారింది. చుట్టాల విస్తళ్ళు జరపాల్సి వచ్చింది.

నాకూ ఆయనకూ ఏ వరసా లేదు. అయినా నన్ను "గుమస్తా బావా" అనేవాడు. కంకర బండివాణ్ణీ బావా అనేవాడు, కొండ మీంచి వెదుళ్ళు దించే వాళ్ళనీ బావా అనేవాడు, ఆడవాళ్ళని అప్పా అనేవాడు, అక్కా అన్నట్టు. ఒక్క ప్రెసిడెంటు గారిని మాత్రం "బాబూ" అనేవాడు, అదీ కొంచెం కష్టపడి. చెవి వెనక ఎప్పుడూ ఒక చుట్ట ఉండేది, వెలిగించనిది. కమ్మల కప్పు కనిపించినంత మేరా దాన్ని వెలిగించేవాడు కాదు. చెరకు తోటలు దాటి, చెరువు గట్టు అవతలకి పోయి అక్కడ కాల్చుకుని వచ్చేవాడు. నడుముకి ముడులు వేసిన తాడొకటి చుట్టుకుని ఉండేవాడు. దానితోనే గోడలు, నూతులు, బాటలు అన్నీ కొలిచేవాడు. మా బోర్డుకి ఆయన ఇంజనీరూ, ఓవర్సీరూ, కూలీ అన్నీను.

కప్పు కుట్టడానికి ఇద్దరు కావాలి. పైవాడు వెదురు సూదితో నార కిందికి దించుతాడు. కిందివాడు దాన్ని వాసం చుట్టూ తిప్పి మళ్ళీ పైకి అందిస్తాడు. మేస్త్రీ అన్నవాడు పైన కూచోవడం లోకంలో మర్యాద. ఈయన ఎప్పుడూ కింద కూచునేవాడు. కిందనుంచి ఐతేనే వెలుతురు దూరే చోటు కనిపిస్తుందని ఆయన వాదన. కళ్ళనిండా దుమ్ము పడేది. ఆ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. కొత్తవాళ్ళు తాగుబోతు అనుకునేవారు.

ఆయనకి ఊతమాట ఒకటి ఉండేది. ఎవరు ఎక్కడ తగువు పెట్టుకున్నా, "ముందు తల దాసుకోనీ, తరవాత మాటాడుకుందుము" అనేవాడు. సరిహద్దు తగువైనా ఇదే మాట, మొగుడూ పెళ్ళాల పోట్లాటైనా ఇదే మాట. ఎండాకాలంలో కూడా ఇదే అనేసరికి జనం వేళాకోళం చేసేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. మబ్బు లేని ఆకాశాన్ని కూడా ఆయన నమ్మేవాడు కాదనుకుంటాను.

మా ఊరు అనకాపల్లికి కొన్ని మైళ్ళ దూరంలో, కొండ కింద ఉంది. ఊరి పేరు ఎందుకులెండి. బోర్డు ఆఫీసంటే మేడ అనుకోకండి. పొడుగాటి మట్టిగోడలు, పైన తాటికమ్మల కప్పు. లోపల ప్రెసిడెంటు గారి కుర్చీ, నా బల్ల, తలుపులు సరిగా పడని బీరువాలు రెండు, గోడకి చక్రవర్తి గారి పటం. పక్కనే సామాన్ల కోసం కట్టిన పెంకుటి గది ఒకటి ఉండేది. దానికి తాళం ఉంది. తాళంచెవి నా మొలతాడుకి ఉండేది. అప్పట్లో నా గొప్పంతా అదే.

ఇక అయిదేళ్ళ కిందటి మంట సంగతి.

కొండ కాలడం మాకు కొత్త కాదు. యుద్ధం రోజులైనా, శాంతి రోజులైనా, ఏటా చైత్రంలో కొండ మీద ఎక్కడో ఒకచోట పొగ లేస్తుంది. పోడుకి పెట్టిన నిప్పో, పశువుల కాపరి పారేసిన చుట్టో, ఎవరికీ తెలీదు, ఎవరూ అడగరు. పొదలు కాలి తనంతట తనే ఆరిపోతుంది. ఆ ఏడు మాత్రం మధ్యాహ్నం గాలి మళ్ళింది. మంట కొండ దిగింది. కొండ కింద బెల్లం వండడానికి దాచుకున్న చెరకాకు వాములు ఉన్నాయి. వాటికి అంటుకున్నాక ఇంక దాన్ని ఎవరాపుతారు? వాముల పక్కనే కింది వీధి.

కింది వీధిలో అన్నీ చుట్టిళ్ళే. గుండ్రటి మట్టి గోడ, గొడుగు వాల్చినట్టు నడుముదాకా దిగే కమ్మల కప్పు. చూరు చూరుకి తగులుతూ ఉండేవి. వానలో ఈ ఇంట్లో నిప్పు అడిగి ఆ ఇంటికి తడవకుండా తీసుకుపోయేవారు. అన్నదమ్ములు వేరుపడితేనే అక్కడ చూరు విడిపోయేది. చూరు తగిలి ఉందంటే పొత్తు ఉందన్నమాట. మంటకి ఆ పొత్తు బాగా పనికొచ్చింది. ఒక ఇంటి మీంచి ఇంకో ఇంటి మీదికి మెట్లెక్కినంత సుఖంగా పాకింది. మనుషులు పొలాల్లో ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. కట్టేసి ఉన్న దూడలు దక్కలేదు.

మేమంతా కుండలతో నీళ్ళు మోస్తూ అరుస్తున్నాం. మేస్త్రీ నీళ్ళ జోలికి పోలేదు. మంటకి రెండిళ్ళ ముందుకి పరిగెత్తాడు. ఇంకా అంటుకోని ఒక ఇంటి కప్పుని కొక్కెం వేసి లాగెయ్యడం మొదలుపెట్టాడు. ఆ ఇంటి వాడు, "బాగున్న ఇల్లు కూల్చేత్తన్నాడు, పట్టుకోండ్రా!" అని అరుస్తూ వచ్చి, దొరికిన కర్రతో ఆయన నెత్తి మీద కొట్టాడు. రక్తం కారింది. ఆయన ఆగలేదు.

"కొట్టు బావా, కొట్టు. లాగడం అయిపోనీ, ఇంకా కొడుదువు గాని."

కప్పు మొత్తం కూలింది. మంట అక్కడికి వచ్చి, అందుకోవడానికి ఏమీ లేక ఆగిపోయింది. వీధిలో ఆ చివర నాలుగిళ్ళు మిగిలాయి. కొట్టినవాడు సాయంత్రం వచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. ఆయన వాడి తల మీంచి మిగిలిన ఇళ్ళ కప్పులకేసి చూస్తూ ఉండిపోయాడు.

మా ప్రెసిడెంటు గారు చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పాలి. పది రోజులు తన గాదెలో ధాన్యమే దంపించి వీధి మొత్తానికి గంజి పోయించారు. కొండ మీంచి వెదుళ్ళు దింపించారు. రాజయ్యపేట తాటితోపుల నుంచి నక్కపల్లి మీదుగా కమ్మల బండ్లు తెప్పించి, పెంకుటి గదినిండా పేర్పించారు. యుద్ధం రోజుల్లో బండ్లు దొరకడమే గగనం. ఇళ్ళు కాలినవాళ్ళందరికీ బోర్డే కప్పు వేయిస్తుందని చాటింపు వేయించారు. మా తాలూకాలో అలాంటి పని అంతకుముందు ఏ బోర్డూ చెయ్యలేదని ఆయనకి గర్వం. నాకూ గర్వంగానే ఉండేది.

బోర్డు మీటింగుల్లో మేస్త్రీ గుమ్మం దగ్గర నిలబడి కప్పు చూసేవాడు, ఎన్నడూ నోరు విప్పేవాడు కాదు. ఆ రోజు మాత్రం విప్పాడు.

"సూరు సూరు తగిల్తే మళ్ళీ ఇదే అవుతాది బాబూ. ఇంటికీ ఇంటికీ మద్దిని బండి తిరిగేంత సోటొగ్గాల. గోడలు జరపాల."

ప్రెసిడెంటు గారికి ఆ మాట బాగా నచ్చింది. సబ్ కలెక్టరు గారు చూడ్డానికి వస్తారు, వీధి బారుగా కనిపిస్తే ఎంత బాగుంటుంది! వెంటనే తీర్మానం చేయించారు. గోడ జరిపి సందు వదిలినవాళ్ళకే కమ్మలు. ప్రెసిడెంటు గారి చీటీ ఉంటేనే గది తాళం తియ్యాలి. ఆ రెండు షరతులూ మేస్త్రీ అడిగినవి కావు.

చాలామంది గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. కాలిన గోడలు పగలగొట్టి, జరిగి, కొత్త గోడలు పెట్టారు. ఒక్క తూర్పు చివర ముసలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆమెది, ఇద్దరు మరుదులవి కలిసి మూడు చుట్టిళ్ళు ఒక్కచోట. ఆమె ఏమంటే మిగిలిన ఇద్దరిదీ అదే మాట. మేస్త్రీ ముడుల తాడు తీసుకుని వెళ్ళేసరికి ఆమె గోడకి ఆనుకుని అడ్డపొగ కాలుస్తోంది, నిప్పు కొస నోట్లో పెట్టుకుని. అప్పుడు ఆయనతో నేనూ ఉన్నాను.

"సూరు సంగతి తరవాత తమ్ముడా" అంది ఆమె, చుట్ట తీసి. "నా కోడలికి నెలలు నిండేయి. కడుపుతో ఉన్న ఇంట పునాది తవ్వుతారేటి? గోడ నిలబడే ఉన్నాది. దాని మీద కప్పెయ్యండి, సాలు. పురుడయ్యేక కావాలంతే గోడ గాదు, నన్ను జరపండి."

కడుపుతో ఉన్న ఇంట పునాది తవ్వకూడదన్నది మా వైపు అందరికీ ఉన్న నమ్మకమే. ప్రెసిడెంటు గారి అమ్మాయి పురిటికి వచ్చిందని వాళ్ళ మేడ పని మూడు నెలలు ఆపారు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కోడలు గోడ లోపల, గోనెపట్టాలు కుట్టిన నీడలో పడుకుని ఉంది. తల్లి లేని పిల్ల, పుట్టింటి దారి లేదు. పరాయింట్లో పురుడు పోసుకుందామంటే మైల, ఎవరూ ఇల్లివ్వరు. మేస్త్రీ తలెత్తి చూశాడు. చూడ్డానికి పైన కప్పు లేదు. అప్పుడు ఆ పిల్ల ముఖం చూశాడు. ఆయన ఒక మనిషి ముఖాన్ని అంతసేపు చూడ్డం నాకు తెలిసి అదే మొదలు.

ఆ సాయంత్రం ఆఫీసుకి వచ్చి ప్రెసిడెంటు గారిని అడిగాడు.

"ఆ మూడిళ్ళకీ పాత గోడల మీదే కప్పెయ్యనీ బాబూ. ఆ పిల్లకి రోజులు దగ్గరపడ్డాయి."

"నువ్వడిగితేనే కదయ్యా తీర్మానం చేసింది? ఇవాళ ఆవిడకి వదిలితే, గోడలు పగలగొట్టుకున్నవాళ్ళందరూ నా మీద పడరూ?"

ఆ మాటా అబద్ధం కాదు. మేస్త్రీ ముడుల తాడు నడుముకి బిగించుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి చూరు కింద నిలబడేవాడు. "పెసిడెంటు బాబు ఏటన్నారు బావా?" అనేవాడు. నిన్నటి మాటే అనేవాణ్ణి. వెళ్ళిపోయేవాడు. తాను అడిగిన నియమమే ఆ పిల్ల నెత్తి మీద కప్పు లేకుండా చేసిందని ఆయన్ని లోపల ఏదో తినేసేది. వారం రోజుల్లో మనిషి సగమయ్యాడు. ఆ చెవి వెనక చుట్ట కూడా కనిపించడం మానేసింది.

ఇంతలో ప్రెసిడెంటు గారు బంధువుల పెళ్ళికి విశాఖపట్నం వెళ్ళారు. మర్నాటికి గాని రారు.

ఆ మధ్యాహ్నం ఉక్క భరించలేనట్టుగా ఉంది. ఆకు కదలడం లేదు. పడమట కొండ వెనక నుంచి నల్లగా మబ్బు లేస్తోంది. చైత్రంలో కాలినవాళ్ళ మీదికి వైశాఖంలో గాలివాన. మేస్త్రీ పరుగులాంటి నడకతో వచ్చాడు. చూరు కింద ఆగలేదు. కమ్మ వాసన చూడలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"తాళం తియ్యి బావా."

"చీటీ ఏది?"

"నొప్పులొచ్చేయి ఆ పిల్లకి. పొద్దుట్నించీ."

"చీటీ లేందే ఎలా తీస్తాను? ప్రెసిడెంటు గారిని రానీ."

"మబ్బు ఆగతాదేటి ఆయన కోసం?"

"నన్నేం చెయ్యమంటావు మేస్త్రీ? నా ఉద్యోగం పోతే నా పిల్లలకి ఎవరు పెడతారు?"

నా గొంతు లేచింది. తప్పు చేస్తున్నవాడి గొంతు అలాగే లేస్తుంది. ఆయన నా ముఖం చూశాడు. ఎర్రటి కళ్ళు. నేను చూపు తిప్పేసుకున్నాను.

"నా పేర ఆర్డరొకటి రాసేవు గదా, సంకురాత్రి ముందు. ఒకపాలి సదువు."

చదివాను. 'బోర్డు ఆఫీసు పాత కప్పును వానల్లోపు విప్పించి కొత్త కమ్మలు వేయించవలెను.' ఏటా రాసే ఆర్డరే.

"వానల్లోపు అన్నావు గదా?"

"అన్నాను."

"వాన వత్తంది."

అంటూనే బయటికి వెళ్ళాడు. ఆయన ఏం చేస్తాడో నాకు అర్థం కాలేదు. రెండు నిమిషాలకి నెత్తి మీద దడదడ చప్పుడైంది. బల్ల మీద ఏడాది మసి రాలింది. పైన ఒక చోట తెరుచుకుని, వెలుతురు నా చేతుల మీద పడింది. బయటికి పరిగెత్తాను. ఆఫీసు కప్పు మీద నలుగురు మనుషులున్నారు. కట్టు తాళ్ళు కోస్తున్నారు, కమ్మలు కిందికి దించుతున్నారు. కింద ముసలమ్మ మరుదులు మోసుకుపోవడానికి నిలబడి ఉన్నారు.

"మేస్త్రీ! మతి పోయిందా? లోపల రికార్డులున్నాయి!"

ఆయన పైనుంచే అన్నాడు. కోపంగా కాదు.

"కప్పిప్పడం నా పని బావా. తాళం తియ్యడం నీ పని. ఎవరి పని ఆళ్ళం సేసుకుందుము."

గాలి లేచింది. ఒక్కసారిగా లేచింది. తలుపులు పడని నా బీరువాల్లోంచి కాగితాలు ఎగిరాయి. చక్రవర్తి గారి పటం గోడ మీంచి ఊడి పడింది. నా చుట్టూ పుట్టుకల పుస్తకం, చావుల పుస్తకం, తీర్మానాల పుస్తకం, నూతుల మరమ్మతు కాగితాలు. అన్నిటికీ నేనే పూచీ. మొదటి చినుకులు పెద్ద పెద్దవిగా బల్ల మీద పడ్డాయి. వీటిని పెట్టడానికి దగ్గరలో చోటేదీ? పెంకుటి గది ఒక్కటే. ఆ గదినిండా నేల నుంచి కప్పుదాకా కమ్మల కట్టలు. కట్టలు బయటికి రాకపోతే పుస్తకాలు లోపలికి పోవు.

ఇక్కడ నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. నాకు ఆ పిల్ల గుర్తు రాలేదు. నొప్పులు గుర్తు రాలేదు. ఎప్పుడో పుట్టినవాళ్ళ పేర్లున్న పుస్తకం తడిసిపోతుందని పరిగెడుతున్నాను గాని, ఆ పూట పుట్టబోయేవాడి సంగతి నాకు పట్టలేదు. మొలలోంచి తాళంచెవి లాగి, రెండుసార్లు తప్పి, మూడోసారి తలుపు తీశాను. నా చేతులతో నేనే కట్టలు బయటికి లాగి పారేశాను. తలుపు దగ్గర చేతులు చాచి నిలబడి ఉన్నారు కింది వీధివాళ్ళు. అందుకున్నవాడు అందుకున్నట్టే పరిగెత్తాడు.

మేస్త్రీ ఇదంతా ముందే అనుకున్నాడా? పాత కమ్మలతోనే సరిపెట్టుకుందామని కప్పు విప్పాడా, నా చేత తలుపు తీయించడానికే విప్పాడా? ఎన్నోసార్లు ఆలోచించాను. ఆయన్ని అడిగే ధైర్యం మాత్రం ఎప్పుడూ రాలేదు.

పుస్తకాలు లోపల పెట్టి తలుపు వేశాక నేనూ కింది వీధికి పరిగెత్తాను. ఎందుకు వెళ్ళానో తెలీదు. బహుశా ఒక్కణ్ణీ ఆ కప్పులేని ఆఫీసులో నిలబడలేక.

ముసలమ్మ ఇంటి మీద వాసాలు ఎప్పుడో కట్టి ఉన్నాయి. మేస్త్రీ అప్పటికే పైన ఉన్నాడు. లోపల పురుడు జరుగుతోంది, మగవాడు లోపల కింద కూచోడానికి లేదు. జన్మలో మొదటిసారి ఆయన పైన కూచున్నాడు. కిందనుంచి సూది అందించడానికి మనిషి కావాలి. మంత్రసాని ఆ పిల్లని వదిలి రాలేదు. ముసలమ్మే చీర ఎగదోపుకుని రోలు తిరగేసి దాని మీద నిలబడింది. పైనుంచి ఆయన సూది దించుతున్నాడు, లోపల్నుంచి ఆమె వాసం చుట్టూ తిప్పి పైకి తోస్తోంది. ఒకళ్ళకొకళ్ళు కనబడరు.

"ఇటా?"

"కుడికి అప్పా. ఇంకా కుడికి. ఆఁ, లాగు."

మధ్యమధ్య ఆ పిల్ల అరుపు. అరుపు వినబడినప్పుడల్లా ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి, ముందుకన్నా వేగంగా కదిలేది. గాలి కట్టిన కమ్మని లేపేస్తోంది. ఆయన బోర్లా పడుకుని ఒంటితో అదిమిపట్టి కుడుతున్నాడు. కొండ మీద వాన దిగడం కనిపిస్తోంది. పొలాల మీదికి వచ్చింది. చెరకు తోటల మీదికి వచ్చింది. ఇంకా పడమటి వైపు చారెడు ఖాళీ ఉంది. మేమంతా కట్టలు అందిస్తున్నాం. నేను కూడా అందించాను. వీపు మీద వాన రాళ్ళు వేసినట్టు పడింది. అదే సమయంలో ఆయన చివరి కమ్మ అదిమి నార బిగించాడు.

"సూరు మరిదిగారింటికి తగల్లేదేటి తమ్ముడా?" లోపల్నుంచి ముసలమ్మ అరిచింది. ఆ హడావిడిలో కూడా ఆమె అది చూసుకుంది. మరిది ఇంటి వైపు చూరుని ఆయన పొట్టిగా కోసి కుట్టాడు. గోడ జరపకుండానే బెత్తెడు సందు వదిలాడు.

"ముందు తల దాసుకోనీ అప్పా, తరవాత మాటాడుకుందుము!"

జవాబు రాలేదు. లోపల ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన కప్పు మీద బోర్లా పడుకుని, కమ్మలకి చెవి ఆనించి ఉండిపోయాడు. ఎంతసేపో తెలీదు. తరవాత పసివాడి ఏడుపు వినిపించింది. ఆయన లేవలేదు. ఆ వానలో ఆ కప్పు మీదే పడుకుని, భుజాలు కదులుతుంటే ఏడ్చాడు.

మర్నాడు ప్రెసిడెంటు గారు వచ్చారు. కప్పులేని ఆఫీసు మధ్య, ఉబ్బిపోయిన నా బల్ల పక్కన నిలబడి, తడిసిన తన కుర్చీకేసి చూశారు. మేస్త్రీని పిలిపించారు.

"గది ఎవరు తీశారు?"

నేను నోరు విప్పేలోపల మేస్త్రీ అన్నాడు. "నానే తీయించేను బాబూ. కప్పిప్పిందీ నానే. గుమస్తా బావ తప్పేటీ నేదు."

నేను నోరు మూసుకున్నాను.

రిపోర్టు రాయమన్నారు. 'అనుమతి లేకుండా ఆఫీసు కప్పు విప్పి, రికార్డులకు ప్రమాదం కలిగించి' అన్నంతవరకూ ప్రెసిడెంటు గారు చెప్పారు. 'గుమాస్తాను బెదిరించి గది తీయించి' అన్నది ఆయన చెప్పలేదు. అది నేనే రాశాను. రాసినది మేస్త్రీకి చదివి వినిపించాలి గదా, వినిపించాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన తలెత్తి పైకి చూశాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"రాసేవా బావా? సరే" అని వేలిముద్ర వేశాడు. వెళ్ళిపోయాడు. ఆ రిపోర్టుతో బోర్డు పని పోయి, ఆ నెలలోనే నక్కపల్లిలో కూతురి దగ్గరికి చేరాడని విన్నాను. తరవాత సబ్ కలెక్టరు గారు వచ్చి వీధి చూసి ఎంతో మెచ్చుకున్నారు.

ఇరవైయొకటో నాడు ముసలమ్మ మనవణ్ణి తీసుకుని మా ఇంటికి వచ్చింది. వెనక వీధి సగం ఉంది. నా ఒళ్ళో ఆ పసివాణ్ణి పెట్టింది.

"నీ పేరే ఎట్టేము బాబూ. మేస్త్రి ఎల్లిపోతా సెప్పేడు మాకు. 'నాను కప్పు మీదున్నాను, నాకేటి తెలీదు. తలుపు తీసింది గుమస్తా బావే. ఆయన గాని తియ్యకపోతే మన పని అయిపోను' అన్నాడు. నీ పిల్లల్ని సల్లగా సూడాల ఆ దేవుడు."

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. తలుపు తీసింది నేనే. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. కాదని చెప్పడానికి నోరు రాలేదు నాకు. మంచి పేరు పెట్టారు అన్నాను.

యుద్ధం ముగిసి దండు లారీలు పోయాయి, చక్రవర్తి గారి పటమూ పోయింది, స్వరాజ్యం వచ్చింది. వాడికిప్పుడు అయిదేళ్ళు. మా వీధిలోకే ఆడుకోడానికి వస్తాడు. వాళ్ళ నాన్నమ్మ నా పేరు పెట్టి వాణ్ణి తిడుతుంటే ఉలిక్కిపడి గుమ్మంలోకి వస్తాను. ఆ వీధిలో ఎవరూ నా ఎదట కూచోరు. పెళ్ళిళ్ళకి మొదటి తాంబూలం నాకే ఇస్తారు. తీసుకుంటాను. నక్కపల్లి ఎంత దూరమని? బండి కట్టుకుంటే ఒక పూట. ఈ అయిదేళ్ళలో ఒక్కసారి వెళ్ళి ఉంటే, బెదిరించావన్న మాట నా అంతట నేనే రాశాను, క్షమించు అని ఒక్కసారి అని ఉంటే, ఇవాళ ఇది రాయవలసిన పని ఉండేది కాదు. వెళ్ళలేదు. ఇక వెళ్ళినా లేడు.

ఇంతసేపూ ఆయన పేరు చెప్పలేదేమని అడుగుతారేమో. ఆ పేరు నా చేత్తో ఒకే ఒక్కసారి రాశాను, ఆ రిపోర్టులో. దస్తూరీ ముత్యాల్లా ఉందని ప్రెసిడెంటు గారు మెచ్చుకున్నారు కూడాను.